‘మనస్తాపం’ చాటున కనిపించని కులం

జిల్లా ఎడిషన్లలో విద్యార్థి మరణవార్తకు ఒక స్థిరమైన మూస ఉంది. ‘మనస్తాపానికి గురై’ అని ఒక మాట, ‘క్షణికావేశంలో’ అని మరో మాట. చివర ‘పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు’ అన్న వాక్యం. అధ్యాపక వృత్తిలోకి వచ్చినప్పటి నుంచి ఈ వార్తలను చదువుతూనే ఉన్నాను. ఆ మనస్తాపం ఎవరి వల్ల కలిగిందో, ఎన్ని నెలలుగా పేరుకుందో, దాన్ని ఎవరెవరు చూశారో, చూసి ఏమనుకున్నారో ఆ మూసలో పట్టదు. ‘క్షణికావేశం’ అన్న మాట మరీ సౌకర్యమైనది. క్షణంలో జరిగిపోయినదానికి కళాశాల మాత్రం ఏం చేయగలదు, అధ్యాపకుడు మాత్రం ఏం చేయగలడు అని అందరూ చేతులు కడుక్కోవచ్చు.

ఆ మాటలు అచ్చులోకి రాకముందు మనం చూడవలసినవేమిటన్నదే నా ఆవేదన. ప్రమాదపు అంచున ఉన్న విద్యార్థి చాలా సందర్భాల్లో ఆ సంగతిని ఏదో ఒక రూపంలో చెబుతూనే ఉంటాడు. అయితే అతను వాడ నుంచో, తండా నుంచో, గూడెం నుంచో వచ్చినవాడైనప్పుడు మనం ఆ సంకేతాన్ని సంకేతంగా చదవం. క్రమశిక్షణ లేకపోవడంగా చదువుతాం, ప్రతిభ లేకపోవడంగా చదువుతాం, రాజకీయంగా చదువుతాం. కాబట్టి ఆత్మహత్యల నివారణ మనోవైద్యులకు మాత్రమే వదిలేయదగిన విషయం కాదు. ఎవరి బాధను ఈ సమాజం బాధగా గుర్తిస్తుందన్న కుల ప్రశ్న అందులో ఇమిడి ఉంది.

నేను పాఠాలు చెప్పేది మేడ్చల్, శామీర్‌పేటల మధ్య ప్రాంతంలో. ఇటు నాగపూర్ జాతీయ రహదారి, అటు కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి, రెండింటినీ కోస్తూ ఔటర్ రింగ్ రోడ్డు. ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడ్డ నేల ఇది. ఇవాళ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, జినోమ్ వ్యాలీ ప్రయోగశాలలు, వరసగా ఇంజినీరింగ్, ఫార్మసీ, మేనేజ్‌మెంట్ కళాశాలలు వెలసిన విద్యా నడవా. పొద్దున ఏడున్నరకు పసుపు బస్సుల బారు మొదలవుతుంది. ఆ భవనాల నీడలో మరో లోకం ఉంది. కిరాణా కొట్టు మీద మూడంతస్తులు లేపి, గదికి నాలుగైదు మంచాలు వేసి నడిపే ప్రైవేటు హాస్టళ్లు. పాలమూరు, నల్లగొండ, మెదక్, ఆదిలాబాద్ పల్లెల నుంచి వచ్చిన పిల్లలు వాటిలో ఉంటారు. ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి తానే అయినవాళ్లు వారిలో ఎందరో. తోటల్లో కూలికి వెళ్లినవారి మనుమలు అదే నేల మీద కట్టిన తరగతి గదుల్లో కూర్చుంటున్నారు. ఇది చిన్న మార్పు కాదు. కానీ ఆ గదిలో కుర్చీ దొరకడం వేరు, నీకూ ఇక్కడ చోటుందని నలుగురూ అనుకోవడం వేరు.

కొన్నేళ్ల కిందటి సంగతి ఒకటి చెప్పాలి. ఆ విద్యార్థి ఎవరో గుర్తు పట్టకుండా వివరాలు కొన్ని మార్చాను. అతను సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివి వచ్చినవాడు. మొదటి సెమిస్టర్‌లో ముందు బెంచీలో కూర్చునేవాడు, పాఠం మధ్యలో చెయ్యెత్తి ప్రశ్నలడిగేవాడు. రెండో సెమిస్టర్‌కు వెనక బెంచీకి చేరాడు. ఆ తర్వాత తలుపు పక్కకు. ఆ తర్వాత హాజరు పట్టికలో సున్నాల వరసకు. రెండుసార్లు పిలిచి మందలించాను. రెండోసారి అతను నా ముఖం చూడకుండా, ‘‘ఏం లేదు సార్, ఇంక ఎన్ని రోజులుంట గని’’ అన్నాడు. చదువు మానేస్తాడేమో అనుకున్నాను. ఆ గొంతులో నాకు నిర్లక్ష్యమే వినిపించింది. హాజరు తక్కువైన వారి జాబితాలో అతని పేరు మీద సంతకం పెట్టి పైకి పంపించాను.

నేనూ ఊరి చివర మాదిగవాడ నుంచి వచ్చినవాణ్ణే. మా నాయన దొర దగ్గర జీతమున్న మనిషి. పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు ఫెలోషిప్ ఆలస్యమైన నెలల్లో మెస్ బాకీ పలక మీద నా పేరు చూసుకుని తలవంచుకు నడిచినవాణ్ణి. అయినా అతనిలో నాకు కనిపించింది షార్టేజీ మాత్రమే. సంస్థ ఇచ్చిన కుర్చీలో కూర్చున్నాక సంస్థ చూపే నా చూపయింది. ఇది ఒప్పుకోవడం నాకు సులువు కాలేదు.

అతన్ని చూసింది మెస్‌లో వడ్డించే అక్క. ఒక సాయంత్రం నేను స్కూటర్ తీస్తుంటే గేటు దగ్గర ఆపింది. ‘‘సారూ, గా పోరడు మూడొద్దుల సంది బువ్వకు వస్తలేడు. నిన్న వచ్చి నా బాకి ఇరువై రూపాలు ఇచ్చిపోయిండు. గవి నేనే యాది మరిచిన. తన కంచం సుత జూనియర్ పిల్లగానికి ఇచ్చిండట. మొకం మంచిగ లేదు సారూ, జర పొయ్యి చూడుండ్రి’’ అన్నది. తిండి మానడం, మరిచిపోయిన బాకీ తీర్చడం, తన వస్తువును మరొకరికి ఇచ్చేయడం. మనోవైద్య గ్రంథాలు ప్రమాద సూచికలుగా చెప్పే వాటిలో మూడింటిని, పుస్తకమే ఎరుగని ఆ మనిషి ఒక్క వాక్యంలో కలిపి చెప్పింది. నా దగ్గర అతని హాజరు శాతం దశాంశంతో సహా ఉంది. ఆమె దగ్గర ఉన్నది అతను తిన్న పూటల లెక్క.

ఒక సీనియర్ విద్యార్థిని వెంటబెట్టుకుని ఆ గదికి వెళ్లాను. పది నిమిషాలు పరీక్షల గురించి, ఊరి గురించి ఏదేదో మాట్లాడాను. అడగవలసినది గొంతులోనే ఆగిపోయింది. చివరికి అడిగాను: ‘‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’’ చాలాసేపు మౌనంగా ఉన్నాడు. తర్వాత తలూపాడు. ఆ తర్వాత ఏడ్చాడు. ‘‘గిట్ల ఎవరూ అడగలే సార్’’ అన్నాడు.

ఆ రాత్రి ఇద్దరు స్నేహితులు అతనితోనే ఉన్నారు. మర్నాడు వైద్యుడి దగ్గరికి వెళ్దామంటే మొదట ససేమిరా అన్నాడు. హైదరాబాద్‌లో ‘ఎర్రగడ్డ’ అన్న మాటను తిట్టుగా వాడుకునే మనందరి పాపం అందులో ఉంది. చివరికి వచ్చాడు. కొన్ని నెలలు మందులు వాడాడు, మాట్లాడాడు, కోలుకున్నాడు. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు. ఆ మధ్యలో అతను చెప్పిన విషయాల్లో ఏ ఒక్కదాన్నీ ‘కారణం’ అని వేలుపెట్టి చూపలేను. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు, కట్టకపోతే హాల్ టికెట్ ఇవ్వమన్నారు. రెండు సబ్జెక్టులు పోయాయి. ల్యాబ్‌లో ఒకాయన అందరి ముందూ ‘ర్యాంకు ఎంత?’ అని అడిగాడు. ఎంసెట్ ర్యాంకు అడగడం మన కళాశాలల్లో కులం అడగడానికి మర్యాదస్తులు కనిపెట్టిన పద్ధతి అని చదువుకున్న ప్రతి దళిత విద్యార్థికీ తెలుసు. అక్క పెళ్లికి చేసిన అప్పు ఉంది. నిద్ర పట్టని రాత్రులున్నాయి. వీటిలో ఏదీ విడిగా మనిషిని కూల్చేది కాదు. అన్నీ ఒకే మెడ మీద పడ్డాయి, ఆ మెడ ఎవరిదో మాత్రం యాదృచ్ఛికం కాదు.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ పరిశోధకుడు, అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ నాయకుడు రోహిత్ వేముల 2016 జనవరి 17న రాసి పెట్టిన చివరి లేఖను దేశమంతా చదివింది. దాన్ని గురించి ఇక్కడ మాట్లాడబోవడం లేదు. నా విద్యార్థులతో నేను చర్చించేది అతని మరో లేఖను. సరిగ్గా నెల రోజుల ముందు, 2015 డిసెంబర్ 18న, అతను వైస్ చాన్సలర్‌కు స్వదస్తూరీతో ఒక లేఖ రాశాడు. దళిత విద్యార్థులకు ఈ ప్రాంగణంలో చావే మేలన్న చేదు వ్యంగ్యంతో, తనలాంటి వారికి కారుణ్య మరణానికి ఏర్పాట్లు చేయమని కోరాడు. అప్పటికి నెలల తరబడి అతని ఫెలోషిప్ ఆగి ఉంది. హాస్టల్ నుంచి బహిష్కరిస్తూ నిర్ణయం వెలువడింది. జనవరి మొదటివారంలో ఐదుగురు దళిత పరిశోధకులు గదులు ఖాళీ చేసి, ప్రాంగణంలోనే ఆరుబయట గుడారం వేసి దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టుకున్నారు. అతను మరణించే నాటికి రావలసిన ఫెలోషిప్ ఏడు నెలలది, లక్షా డెబ్బై ఐదు వేల రూపాయలు.

ఆత్మహత్యల నివారణ గురించి ప్రాథమిక శిక్షణ పొందిన ఎవరి చేతికైనా ఆ డిసెంబర్ లేఖ ఇచ్చి చూడండి. చావు ప్రస్తావన, నిస్సహాయత, ఆదాయం ఆగిపోవడం, నివాసం పోవడం, అవమానం, సమూహం నుంచి వెలి. అన్నీ ఒకే కాగితం చుట్టూ ఉన్నాయి. రాతపూర్వకంగా, సంతకంతో, సంస్థలోని అత్యున్నతాధికారికి చేరిన హెచ్చరిక అది. దాన్ని ఒక విద్యార్థి నాయకుడి ధిక్కారంగా చదివారు. అదే లేఖ మరో సామాజిక నేపథ్యం నుంచి వచ్చిన విద్యార్థి రాసి ఉంటే, అతన్ని పిలిచి కూర్చోబెట్టి, ఇంటికి కబురు పెట్టి ఉండేవారు కారా? ఈ ప్రశ్నకు నిర్ధారణగా జవాబు చెప్పలేం. కానీ ఆ ప్రశ్న రావడమే మన విద్యాసంస్థల మీద తీర్పు. 2024లో పోలీసులు ఆ కేసును మూసివేస్తూ ఇచ్చిన నివేదికలో రోహిత్ అసలు ఎస్సీయే కాదన్నారు. నిరసన వెల్లువెత్తాక మళ్లీ దర్యాప్తు అన్నారు. బతికుండగా అతని లేఖను చదవనివారు చనిపోయాక అతని కుల ధ్రువీకరణ పత్రాన్ని మాత్రం ఎంతో శ్రద్ధగా చదివారు.

అదే విశ్వవిద్యాలయంలో 2008లో భౌతికశాస్త్ర పరిశోధకుడు సెంథిల్ కుమార్, 2013లో రసాయనశాస్త్ర పరిశోధకుడు మాదారి వెంకటేశ్ మరణించారు. ఇద్దరి విషయంలోనూ గైడ్ కేటాయింపే పెద్ద వివాదమైంది. పరిశోధకుడికి గైడ్ లేకపోవడమంటే ప్రాంగణంలో తనను ఎరిగిన పెద్దమనిషి ఒక్కరూ లేకపోవడం. అతను వారం రోజులు కనిపించకపోతే ‘ఏమయ్యాడు’ అని అడిగే మనిషి లేకపోవడం. ముంబైలో 2019 మే 22న చనిపోయిన ఆదివాసీ వైద్యురాలు పాయల్ తడ్వీ విషయంలో తల్లి ముందే ఫిర్యాదు చేసింది. ఆమె తల్లి ఆబెదా తడ్వీ, రోహిత్ తల్లి రాధిక వేముల కలిసి అదే ఏడాది సుప్రీంకోర్టు తలుపు తట్టారు. పిల్లల్ని పోగొట్టుకున్న ఇద్దరు తల్లులు దేశంలోని విశ్వవిద్యాలయాలకు వివక్ష నివారణ నిబంధనలను గుర్తు చేయవలసి వచ్చింది.

ఇవన్నీ విడివిడి విషాదాలని అనేవారున్నారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో వివక్షపై సుఖదేవ్ థోరట్ నేతృత్వంలోని కమిటీ 2007లో ఇచ్చిన నివేదిక ప్రకారం, తమకు అధ్యాపకుల నుంచి తగినంత తోడ్పాటు అందడం లేదని చెప్పిన ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు సుమారు 69 శాతం. 2014 నుంచి 2021 వరకు ఐఐటీలు, ఎన్‌ఐటీలు, కేంద్రీయ విశ్వవిద్యాలయాల వంటి కేంద్ర సంస్థల్లో 122 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబర్‌లో లోక్‌సభకు తెలిపింది. వారిలో ఎస్సీలు 24 మంది, ఎస్టీలు ముగ్గురు, ఓబీసీలు 41 మంది. పార్లమెంటులో ఎవరో అడిగారు కాబట్టి ఈ లెక్క మనకు తెలిసింది. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా వేసే ఆత్మహత్యల నివేదికలో వయసు ఉంటుంది, లింగం ఉంటుంది, చదువు, వృత్తి, ఆదాయం ఉంటాయి. 2022లో దేశంలో 1,70,924 మంది మరణించగా వారిలో 13,044 మంది విద్యార్థులని అది చెబుతుంది. కులం మాత్రం చెప్పదు. బడిలో చేరేటప్పుడు, స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేసేటప్పుడు, రిజర్వేషన్ సీటు తీసుకునేటప్పుడు అడుగడుగునా కులం రాయించుకునే రాజ్యానికి చనిపోయినప్పుడు మాత్రం ఆ గడి అక్కరలేకపోయింది.

ఇక్కడ మన ఉద్యమాల గురించి కూడా ఒక మాట అనాలి. మిత్రులకు నచ్చకపోవచ్చు. ‘ఇది ఆత్మహత్య కాదు, సంస్థాగత హత్య’ అన్న నినాదం నిజం. నేనూ ఆ నినాదం ఇచ్చిన గొంతుల్లో ఒకణ్ణి. కానీ అది మరణం తర్వాత పుట్టే నినాదం. మనిషి బతికుండగా మన సంఘం గదిలో అతని పక్కన కూర్చుని ‘నిద్ర పడుతోందా, తిన్నావా’ అని అడిగే పద్ధతి మనకు ఎంతవరకు ఉంది? పోరాటంలో ఉన్నవాడు ధైర్యంగానే ఉంటాడని అనుకుంటాం. నాయకుడు కుంగిపోకూడదని అనుకుంటాం. కుంగుబాటును ‘మధ్యతరగతి జబ్బు’ అని ఎగతాళి చేసినవారు మన సమావేశాల్లోనూ ఉన్నారు. తెలంగాణ ఉద్యమకాలంలో, 2009 తర్వాత, ఎందరో యువకులు ప్రాణాలు తీసుకున్నారు. వారి త్యాగాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ వారి ఫోటోలకు దండలు వేసి, పాటలు కట్టి, ఆ చావుకు వెలుగు అద్దిన మనం, బతికి ఉన్న వారి తమ్ముళ్లకు ఏం చెప్పినట్టయింది? బతికుండగా వినని గొంతును చనిపోతే వింటారన్న పాఠం ఎంత ప్రమాదకరమైనదో అంబేడ్కర్ వాదులు ఆలోచించాలి. ఆయన ఇచ్చిన మూడు మాటల్లో మొదటిది చదువు, చివరిది సంఘటితం కావడం. రెండూ బతికి ఉండేవారికే సాధ్యం.

పత్రికలకూ ఇందులో బాధ్యత ఉంది. మరణించిన తీరును వర్ణించరాదని, వార్తకు అనవసర ప్రాముఖ్యం ఇవ్వరాదని, సహాయం దొరికే చోటు తెలపాలని ప్రెస్ కౌన్సిల్ 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ‘మనస్తాపం’ మూసను వదిలిపెట్టడానికి అదే మంచి మొదలు.

మరి గుర్తించడం ఎలా? జాబితాలు అంతర్జాలంలో దొరుకుతాయి కాబట్టి, నా తరగతి గదిలో, నా హాస్టల్ నడవాలో అవి ఏ రూపంలో కనిపిస్తాయో చెబుతాను. మన పిల్లలు ‘నాకు డిప్రెషన్’ అని చెప్పరు. ‘మనసు మంచిగ లేదు’ అని కూడా అరుదుగా అంటారు. ‘తలనొస్తుంది’, ‘కడుపుల మంట’, ‘నిద్ర వస్తలేదు’ అంటారు. ‘ఇంట్లోళ్లకు బరువైతున్న’, ‘నేను లేకుంటే వాళ్లకే నయం’ అంటారు. ఈ చివరి మాట, నవ్వుతూ అన్నా సరే, అక్కడే ఆగి వినవలసిన మాట. ‘మా చెల్లెను జర చూసుకోరా’ అని స్నేహితుడికి అప్పగింతలు పెట్టడం, ఉన్నట్టుండి బాకీలు తీర్చడం, ఇష్టమైన వస్తువులు పంచేయడం, ఫోన్‌లో గ్రూపులన్నిటి నుంచి తప్పుకోవడం, ఎప్పుడూ తాగనివాడు తాగడం, తాగేవాడు మరీ ఎక్కువ తాగడం కూడా అటువంటివే. వారాల తరబడి కుమిలిపోయినవాడు ఒక రోజు హఠాత్తుగా ప్రశాంతంగా కనిపిస్తే ‘బాగుపడ్డాడు’ అని మనం ఊపిరి పీల్చుకుంటాం. అన్నిసార్లూ అది బాగుపడటం కాదు. ఒక నిర్ణయానికి వచ్చాక కలిగే నెమ్మది కూడా అలాగే ఉంటుంది. ఇంతకుముందు ఒకసారి ప్రయత్నించినవారి విషయంలో మరింత మెలకువ అవసరం. ‘బెదిరిస్తున్నాడు’ అన్న మాట ఏ వార్డెన్ నోటా రాకూడదు.

వీటికి తోడు మన పిల్లల విషయంలో మరికొన్ని గమనించాలి. సబ్జెక్టులు పోయిన ఫలితాల రోజు, డిటెయిన్ అయినవారి జాబితా పెట్టిన రోజు, ఫీజు బాకీ ఉన్నవారి పేర్లు చదివిన రోజు, హాస్టల్ ఖాళీ చేయమన్న రోజు, అందరిలో ‘కోటా’ అనిపించుకున్న రోజు. ఆ రోజు సాయంత్రం ఆ విద్యార్థి ఎక్కడున్నాడో ఎవరో ఒకరికి తెలిసి ఉండాలి. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల గందరగోళం మధ్య మన రాష్ట్రంలో ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. మార్కుల లెక్కలో తప్పులున్నాయని ఆ తర్వాత తేలింది. తప్పు దిద్దే అవకాశం పిల్లలకు ఉంది, దిద్దేవరకు వారిని పట్టి ఉంచే చెయ్యే కరువైంది.

అనుమానం వచ్చాక ఏం చేయాలి? సూటిగా అడగాలి. ‘చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా?’ అని ఆ మాటే వాడి అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనవాళ్లలో బలమైన భయం ఉంది. పరిశోధనలు దానికి విరుద్ధంగా చెబుతున్నాయి. అడగడం వల్ల ప్రమాదం పెరగదు. దాచుకున్న బరువు దించుకునే వీలు చిక్కుతుంది. ‘పిచ్చి పనులేమీ చేయవు కదా’ అని అడిగితే ‘లేదు సార్’ అన్న జవాబును మనమే వారి నోట్లో పెట్టినట్టు. అవునని చెబితే ఒంటరిగా వదలకూడదు. హాని చేసుకునేందుకు వీలైన వస్తువులు చేరువలో లేకుండా చూడాలి. ఆ తీవ్రమైన ఘడియ తరచుగా కొన్ని గంటల్లోనే తగ్గుముఖం పడుతుంది, ఆ గంటలు దాటించడమే మొదటి పని. ‘క్షణికావేశం’ అన్న మాటలో ఏమైనా నిజం ఉంటే అది ఇంతే, దాన్ని కాపాడటానికి వాడుకోవాలి. ‘మీ అమ్మానాన్న ఎంత కష్టపడి చదివిస్తున్నారో తెలుసా’ అని మొదలుపెట్టకూడదు. ఆ కష్టమే అతని గుండెల మీద ఉన్న బండ. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు. ‘నువ్వు నమ్మేవాళ్లు ఎవరు, ఎవరిని పిలుద్దాం’ అని అడగాలి. 14416 నంబరుకు చేయాలి. 2022 అక్టోబర్‌లో మొదలైన ఈ టెలీ మానస్ సేవ ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. తోడుగా కూర్చుని, వారి పక్కనుండే ఆ ఫోన్ చేయించవచ్చు.

పోలీసు కేసు అవుతుందన్న భయంతో నోరు మూసుకునే హాస్టళ్లకు ఒక సంగతి తెలియాలి. ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించరాదని, సంరక్షణ బాధ్యత ప్రభుత్వానిదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షన్ లేదు. అయినా మా ప్రాంతపు ప్రైవేటు హాస్టళ్లలో నేను విన్న ఆచారం వేరు. ఎవరైనా పిల్లవాడు అటువంటి మాట అన్నాడని తెలిస్తే ఆ రాత్రే సామాను సర్దించి, తండ్రికి ఫోన్ చేసి, బస్సెక్కించి పంపించేస్తారు. చావు తమ గోడల మధ్య జరగకుండా చూసుకోవడానికి వారు పెట్టుకున్న పేరు ‘జాగ్రత్త’.

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ మరణించిన బాలిక కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న ఇచ్చిన తీర్పు ఈ విషయంలో ఒక మేలిమలుపు. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థ శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను నియమించాలని, హెల్ప్‌లైన్ నంబర్లను హాస్టళ్లలో, తరగతుల్లో పెద్ద అక్షరాలతో ప్రదర్శించాలని ఆదేశించింది. బోధన సిబ్బందికే కాదు, బోధనేతర సిబ్బందికి కూడా ఏడాదికి కనీసం రెండుసార్లు ప్రమాద సంకేతాలు గుర్తించడంలో శిక్షణ ఇవ్వాలంది. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ తదితర వర్గాల విద్యార్థులతో వివక్ష లేకుండా మెలగడం నేర్పాలని కూడా అందులో ఉంది. ‘బోధనేతర సిబ్బంది’ అన్న మాట దగ్గర నాకు మా మెస్ అక్క గుర్తొచ్చింది. శిక్షణ ఆమెకు ఇవ్వాలో, ఆమె చేత మాకు ఇప్పించాలో తేల్చుకోవలసిన విషయమే. కనీసం ఆమె గమనించినదాన్ని ఎవరికి చెప్పాలో, చెబితే ‘నీకెందుకు’ అననివారు ఎవరో ఆమెకు తెలియాలి. అలాంటి మనిషి పేరు, ఫోన్ నంబరు ప్రతి వంటగది గోడ మీద ఉండాలి.

ఇక కౌన్సెలర్ల గురించి. చాలాచోట్ల ఆ ఉద్యోగం కాగితం మీదే ఉంది. ఉన్నచోట కూడా ‘సమయపాలన’, ‘సానుకూల దృక్పథం’ అంటూ మొదలుపెట్టేవారే ఎక్కువ. ల్యాబ్‌లో ర్యాంకు అడిగి నవ్విన సంగతి చెప్పుకోవడానికి వెళ్లిన విద్యార్థికి ఊపిరి వ్యాయామం నేర్పి పంపితే అతను మళ్లీ ఆ గుమ్మం తొక్కడు. కౌన్సెలర్‌కు కులం అంటే ఏమిటో తెలిసి ఉండాలి. సమాన అవకాశాల విభాగం, ఎస్సీ, ఎస్టీ విభాగం, కౌన్సెలర్ ఒకరి ముఖం ఒకరు ఎరిగి ఉండాలి. ఒకరు మనసు చూసి, మరొకరు ఫిర్యాదు చూస్తే, మధ్యలో మనిషి జారిపోతాడు.

ప్రభుత్వం చేయగలిగినది మరీ కష్టమైనదేమీ కాదు. పరీక్ష తప్పిన పిల్లలకు ఏడాది వృథా కాకుండా వెంటనే మళ్లీ రాసే అవకాశం కల్పించడం ప్రాణాలు నిలిపే చర్య అని తమిళనాడు అనుభవాన్ని ఉదాహరణగా చూపుతూ నిపుణులు ఏనాటి నుంచో చెబుతున్నారు. మన దగ్గర ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు వేల కోట్లకు చేరాయి. ప్రభుత్వానికీ యాజమాన్యాలకూ మధ్య ఉన్న ఆ బాకీని కళాశాలలు విద్యార్థి సర్టిఫికెట్ల మీద, హాల్ టికెట్ల మీద వసూలు చేస్తున్నాయి. సకాలంలో ఆ నిధులు విడుదల చేయడాన్ని ఆర్థిక శాఖ ఫైలుగా మాత్రమే చూస్తున్నారు. దాన్ని ఆత్మహత్యల నివారణ పథకంలో మొదటి అంశంగా రాయాలి. కేంద్రం 2022లో ప్రకటించిన జాతీయ వ్యూహం 2030 నాటికి ఈ మరణాలను పది శాతం తగ్గిస్తామంటోంది. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఎన్ని ప్రైవేటు హాస్టళ్లు ఉన్నాయో, వాటిలో ఎంతమంది ఉంటున్నారో ముందు లెక్క తీసి ప్రజల ముందు పెట్టాలి. ఆ లెక్కలో కులం గడి కూడా ఉండాలి.

మా మెస్ అక్కను పోయిన నెల అడిగాను, ఆ రోజు నీకెట్లా తెలిసిందని. ఆమెకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. ‘‘తెలుసుడేంది సారూ, రోజు రెండుసార్లు కూర అడిగెటోడు, రాకపోతే యాదికి రాడా?’’ అన్నది. మాట్లాడుతూనే కౌంటర్ మీద పేర్చిన కంచాలను ఒకసారి చూపుతో లెక్కపెట్టుకుంది. ఫార్మసీ రెండో సంవత్సరం పిల్ల ఒకతి రెండు రోజులుగా రాత్రి భోజనానికి రావడం లేదని, ఏ ఊరి పిల్లనో కనుక్కోమని నాతో చెప్పి లోపలికి వెళ్లింది.